పాత మిషన్ కొనేముందు

మా ప్రాసెసింగ్ సెంటర్‌లో నా టేబుల్ మీదికి వచ్చే ఫైళ్లలో పాత మిషన్లవి చాలానే ఉంటాయి. జేసీబీలు, చైన్ మిషన్లు, వరి కోత యంత్రాలు, బోరు బండ్లు. వాల్యుయర్ రిపోర్టు చదవడం, మిషన్‌కు మిగిలిన ఆయుష్షు లోన్ గడువు కంటే ఎక్కువ ఉందో లేదో చూడటం, మార్జిన్ ఎంత పెట్టించాలో రాయడం. ఇన్నేళ్లలో కొనేవాళ్ల పక్కన నిలబడి, గ్రీజు చేతులకు పూసుకుని మిషన్ చూసింది మాత్రం లేదు. పోయిన సంవత్సరం సెలవు పెట్టి, విదేశీ ప్రయాణానికి ఎన్‌ఓసి తీసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ముచ్చట కూడా తీరింది.

తమ్ముడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరానికి దగ్గర్లో ఉంటాడు. నగరానికి వాయవ్యంగా బర్నెట్ కౌంటీలో 18 ఎకరాలు కొన్నాడు. సున్నపురాయి నేల, మధ్యలో ఓక్ చెట్లు, మిగతాదంతా జూనిపర్, మెస్కీట్ పొదలు. జూనిపర్‌ను అక్కడివాళ్లు సెడార్ అంటారు. ఫోన్‌లో వాడు ముందే చెప్పాడు: "అక్కా, పొదలు కొట్టే మిషన్ ఒకటి పాతది చూసి పెడతాను. లోన్లు ఇచ్చేదానివి, నువ్వు చూసి సరే అంటే కొంటాను."

వెళ్లిన రెండోరోజు వంటింట్లో మా మరదలు మెల్లగా అసలు సంగతి చెప్పింది. "వదినా, ఇంటి మీద లైన్ తీసి కొంటానంటున్నారు. పాప కాలేజీకి ఇంక మూడేళ్లే ఉంది." ఉంటున్న ఇంటిని కుదువపెట్టి, మారే వడ్డీ మీద, పాత ఇనుము కొనడం. బ్యాంకులో పనిచేసేవాళ్లకు ఇది వింటే నిద్ర పట్టదు.

ఇంతకీ ఆ మిషన్ ఏమిటి?

దాన్ని కాంపాక్ట్ ట్రాక్ లోడర్ అంటారు. మన జేసీబీ పక్కన నిలబెడితే పిల్లలాగా ఉంటుంది. చక్రాల స్థానంలో రబ్బరు ట్రాకులు. స్టీరింగ్ ఉండదు. ఒకవైపు ట్రాకు ముందుకు, రెండోది వెనక్కు నడిపితే నిలబడ్డ చోటే గిర్రున తిరుగుతుంది. దీని తాత 1957లో మిన్నెసోటాలో పుట్టాడు. టర్కీ కోళ్ల షెడ్డులో స్తంభాల మధ్య దూరి ఎరువు ఎత్తే బండి కావాలని ఒక రైతు అడిగితే కెల్లర్ సోదరులు మూడు చక్రాల లోడర్ తయారుచేశారు. బాబ్‌క్యాట్ కంపెనీ కథ అక్కడ మొదలైంది. రబ్బరు ట్రాకుల మీద నడిచే చిన్న లోడర్‌ను 1986లో జపాన్ కంపెనీ టకేయుచి తెచ్చింది. ఇప్పుడు క్యాటర్‌పిల్లర్, కుబోటా, జాన్ డీర్, ఏఎస్‌వి అందరూ చేస్తున్నారు.

మిషన్ ముందు బకెట్ తీసేసి మల్చర్ అనే తల తగిలిస్తే, అది నిలబడ్డ చెట్టును నిలబడ్డట్టే నమిలి పొట్టుగా నేల మీద పరుస్తుంది. తగలబెట్టే పని లేదు, మోసే పని లేదు. తమ్ముడికి ఆ వీడియోలు చూసే పిచ్చి పట్టింది.

ముందు లెక్క

మిషన్ చూడటానికి వెళ్లేముందు వాణ్ని కూర్చోబెట్టి మొదట అడిగింది, కొట్టాల్సింది ఎన్ని ఎకరాలు అని. 18 అన్నాడు. మర్నాడు పొలమంతా నడిచాం. వాగు ఒడ్డు వదిలేయాలి. ఓక్ చెట్ల గుంపులు వదిలేయాలి. ఒక మూల నిలువుగా పెరిగిన ముసలి జూనిపర్లు ఉన్నాయి. ఆ బెరడు చీలికలతో గూడు కట్టుకునే గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట 1990 నుంచి అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. గూడు పెట్టే వసంతం, వేసవి నెలల్లో అటువైపు మిషన్ తిప్పడం చట్టంతో ఆడుకోవడమే. అన్నీ తీసేస్తే మిగిలింది 11 ఎకరాలు.

అద్దె మల్చింగ్ చేసే ఒకాయన ఎకరానికి 1,900 డాలర్లు చెప్పాడు. అంటే 20,900. ఇక సొంతం సంగతి. వాడు అనుకున్న మిషన్ 46,000, పాత మల్చర్ తల 16,000, మొత్తం 62,000 డాలర్లు. రెండేళ్ల తర్వాత 44,000కు అమ్ముడుపోతుందనుకున్నా తరుగుదల 18,000. 8 శాతం వడ్డీ వేసుకుంటే రెండేళ్లకు దాదాపు 9,900. ఒక జత ట్రాకులు 3,600, మల్చర్ పళ్లు, ఆయిళ్లు, ఫిల్టర్లు 4,000, డీజిల్ 1,800, ఇన్సూరెన్స్ 1,800. కూడితే 39,100. కాగితం వాడి ముందు పెట్టాను. కాసేపు మాట్లాడలేదు.

ఎంబీఏలో రెండేళ్లు చదివింది ఈ ఒక్క కాగితం కోసమేనా అనిపిస్తుంది కొన్నిసార్లు. మన కస్టమర్లు కూడా కొనే ధర, ఈఎంఐ వరకే లెక్క వేస్తారు. తరుగుదల, అరుగుదల ఎవరికీ గుర్తుండవు.

కథ మలుపు తిరిగింది పక్క పొలం పెద్దాయన వల్ల. రిటైరైన మెకానిక్. ఆయనకూ 25 ఎకరాలు కొట్టించాల్సి ఉంది. ఇద్దరూ కలిస్తే 36 ఎకరాలు, అద్దెకైతే 68,400. సొంత మిషన్‌తో లెక్క మళ్లీ వేశాను. ఎక్కువ గంటలు తిరుగుతుంది కనుక తరుగుదల 22,000, పళ్లు, సర్వీసు 13,000, డీజిల్ 5,900, మిగతావి అవే. మొత్తం 56,200. ఇద్దరికీ కలిపి 12,200 మిగులు, వాళ్ల చెమట ఖరీదు వేయకుండా. ఇందులో కొన్ని అంకెలు నా అంచనాలే. కానీ అంచనా వేసి తప్పితే ఎక్కడ తప్పామో తెలుస్తుంది. పైగా సగం వాటా 31,000 డాలర్లే కాబట్టి ఇంటి మీద లైన్ అవసరం లేదు, దాచుకున్న డబ్బులోంచి పెట్టవచ్చు. మరదలి ముఖం అప్పుడు తేటపడింది.

హార్స్‌పవర్ కాదు, ఆయిల్ ప్రవాహం

మొదట చూసింది 74 హెచ్‌పి మిషన్. తక్కువ ధర, శుభ్రంగా ఉంది. తమ్ముడు సంతోషించాడు, పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. కారణం ఇది. మల్చర్ తలను తిప్పేది ఇంజన్ నేరుగా కాదు, గొట్టాల్లో పారే హైడ్రాలిక్ ఆయిల్. ఎంత ఆయిల్, ఎంత ఒత్తిడితో అన్నదే బలం. నిమిషానికి పారే గ్యాలన్లను పీఎస్‌ఐ ఒత్తిడితో హెచ్చవేసి 1,714తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. ఆ మిషన్‌లో 20 గ్యాలన్లు, 3,300 పీఎస్‌ఐ. వచ్చింది 38 హెచ్‌పి. హై ఫ్లో మిషన్ 35 గ్యాలన్లు ఇస్తే అదే ఒత్తిడికి 67 హెచ్‌పి. రెండు బళ్ల ఇంజన్ల మధ్య తేడా 20 గుర్రాలే, తల దగ్గరికి వచ్చేసరికి దాదాపు రెట్టింపు.

తక్కువ ప్రవాహం ఉన్న మిషన్ పనికిరాదని కాదు. గడ్డి, మూడు అంగుళాల లోపు కాండాలు ఉంటే రోటరీ కట్టర్ తగిలించి హాయిగా కొట్టుకోవచ్చు. కాండాలు ఆరు, ఎనిమిది అంగుళాలైతే డ్రమ్ము తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. మళ్లీ వేగం అందుకునేదాకా కూర్చోవాలి. ఆ లోపల ఆయిల్ వేడెక్కుతుంది.

తలల్లోనూ రెండు రకాలు. డిస్క్ తల వేగంగా నరుకుతుంది, ముక్కలను దూరంగా విసురుతుంది. డ్రమ్ము తల నెమ్మది, కానీ పొట్టు సన్నగా వస్తుంది, విసురు కాస్త అదుపులో ఉంటుంది. పళ్లలో పదును కత్తులు బాగా కోస్తాయి గాని రాయి తగిలితే పోతాయి. సున్నపురాయి తేలిన ఆ నేలలో కార్బైడ్ పళ్లే నయమన్నాడు పెద్దాయన. తల బరువు ఒక టన్ను పైమాటే. అందుకే మిషన్ రేటెడ్ కెపాసిటీ చూడాలి. ట్రాక్ మిషన్లకు అది బోల్తాపడే బరువులో 35 శాతంగా రాస్తారు, చక్రాల వాటికి 50 శాతంగా. ఒకే కాగితం మీద రెండు అంకెలూ ఉంటే అమ్మేవాళ్లు పెద్దదే చదివి వినిపిస్తారు.

ఇంకో ఖర్చు మేమూ మరిచాం. 95 హెచ్‌పి తరగతి మిషన్ దాదాపు 5 టన్నులు. తల, ట్రెయిలర్ కలిపితే తమ్ముడి పికప్ లాగలేదు. పెద్దాయన దగ్గర పెద్ద ట్రక్కు ఉంది కాబట్టి గట్టెక్కాం.

పళ్లు చూసి కొనడం

మా నాన్న సంతలో ఎద్దును కొనేటప్పుడు ముందు నోరు తెరిచి పళ్లు చూసేవాడు, తర్వాత నడిపించి చూసేవాడు, అమ్మేవాడి మాట చివర్లో వినేవాడు. ఇదీ అంతే.

మొదట ఇంజన్ మీద చెయ్యి పెట్టాలి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని జబ్బు దాస్తున్నారేమో అనుకోవాలి. స్టార్ట్ అయ్యాక పొగ రంగు చూడాలి. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల్నుంచి బుసబుస పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగినట్టే.

మీటర్ మీది గంటలు ఒక్కటే నమ్మకూడదు. తోటపనికి 3,000 గంటలు తిరిగిన మిషన్ కంటే మల్చింగ్‌లో 1,200 గంటలు తిరిగినది ఎక్కువ అలసిపోయి ఉంటుంది. మట్టి ఎత్తే పనిలో మధ్యమధ్య విశ్రాంతి ఉంటుంది. మల్చింగ్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా నిండు బలం, నిండు వేడి, పైన సన్నటి పొట్టు. ఆ పొట్టు రేడియేటర్‌లో దూరుతుంది, ఇంజన్ కింద పళ్లెంలో చేరి నిప్పంటుకుంటుంది. అందుకే అడుగు పలక విప్పించి చూడాలి. అక్కడ కమిలిన మరకలు, కొత్తగా మార్చిన వైర్లు కనబడితే ఒక కథ ఉన్నట్టే. ఫ్యాన్ వెనక్కి తిరిగి పొట్టును ఊదేసే ఏర్పాటు ఉంటే మంచిది. డీలర్ దగ్గర కంప్యూటర్ తగిలిస్తే అసలు గంటలు, పాత లోపాల కోడ్‌లు బయటపడతాయి. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

ట్రాకుల కింద నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. చీర కట్టుకుని రానందుకు సంతోషించాను. రబ్బరు గట్లు ఎంత ఎత్తు మిగిలాయి, కోతల్లోంచి లోపలి ఉక్కు తీగ కనిపిస్తోందా, స్ప్రాకెట్ పళ్లు కొడవలిలా వంగాయా, రోలర్లు తిరుగుతున్నాయా లేక బిగుసుకుని ఒకవైపే అరిగాయా, చివరి డ్రైవ్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందా. ట్రాకు కొత్తది, స్ప్రాకెట్ పాతది అయితే కొత్త ట్రాకు కూడా త్వరగా పోతుంది. తల తగిలించే ప్లేటును ఒక ఇనుప కడ్డీతో పైకి లేపి చూస్తే పిన్నుల దగ్గర ఆట ఎంతుందో తెలుస్తుంది. ఎత్తే చేతుల మీద వెల్డింగ్ మచ్చలు, దాని మీద తాజా పెయింటు ఉంటే ఆగాలి. పైన పటారం, లోన లొటారం. చేతులు పైకెత్తి ఉన్నప్పుడు లాక్ వేయకుండా కిందికి ఎవరూ వెళ్లకూడదు. అమ్మేవాడు వెళ్లినా సరే.

తర్వాత కనీసం 40 నిమిషాలు బరువు మీద నడిపించాలి. అరిగిన పంపులు, మోటార్లు ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తాయి. పలచబడ్డాకే నీరసం బయటపడుతుంది. రెండు లీవర్లూ సమానంగా తోసినా మిషన్ ఒక పక్కకు లాగుతుంటే ఆ పక్క డ్రైవ్ బలహీనం. మల్చర్‌కు రెండు లావు గొట్టాలతోపాటు మూడో సన్న గొట్టం ఒకటి ఉంటుంది, కేస్ డ్రెయిన్ అంటారు. మోటారులో ఊరే ఆయిల్‌ను అది ట్యాంకుకు పంపుతుంది. ఆ కప్లింగ్ మిషన్ మీద లేకపోతే ఇది మల్చింగ్‌కు సిద్ధం చేసిన మిషన్ కాదు. ఉన్నా సరిగ్గా తగిలించకపోతే మోటారు సీళ్లు పగిలిపోతాయి.

పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ గురించి కూడా అడగాలి. 75 హెచ్‌పి, అంతకు పైబడిన కొత్త తరం మిషన్లలో చాలావాటికి మన బీఎస్-6 లారీల్లో పోసే యాడ్‌బ్లూ లాంటి ద్రవం కూడా పోయాలి. కొందరు ఈ ఫిల్టర్లు పీకేసి అమ్ముతారు. అక్కడ అది చట్టవిరుద్ధం, కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది.

భద్రత మాట. మామూలు అద్దం తలుపుతో మల్చింగ్ చేయకూడదు. విరిగిన పన్ను, రాయి తూటాలా వస్తుంది. అరంగుళం మందం పాలికార్బనేట్ తలుపు ఉండాలి, మనుషులు 300 అడుగుల దూరంలో ఉండాలి. మా మేనకోడలికి వీడియో తీయాలని సరదా. కారులో కూర్చోబెట్టాం.

అప్పు ఎవరిది?

రెండో మిషన్ చూసేసరికి తమ్ముడి కళ్లు మెరిశాయి. 1,100 గంటలు, మల్చర్ తలతో సహా, బజారు ధర కంటే తక్కువ. అమ్మేది ఒక చిన్న కాంట్రాక్టర్. "ఇంకెవరో వస్తున్నారు, 5,000 అడ్వాన్స్ ఇస్తే మీకు ఆపుతాను" అన్నాడు. తమ్ముడు చెక్కుబుక్కు తీశాడు.

నేను అసలు కొన్న బిల్లు చూపించమన్నాను. బిల్లు అతని కంపెనీ పేరున ఉంది. చెక్కు మాత్రం సొంత పేరున రాయమంటున్నాడు. మన బ్రాంచిల్లో రోజూ చూసేదే కదా ఇది.

అమెరికాలో ఇలాంటి మిషన్లకు మన ఆర్‌సీ లాంటి కాగితం ఉండదు. అప్పిచ్చినవాళ్లు యూసీసీ-1 అనే ఫైలింగ్‌ను ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదు చేస్తారు. మామూలుగా అది ఐదేళ్లు చెల్లుతుంది, పొడిగించవచ్చు. నామమాత్రపు ఫీజుతో ఎవరైనా వెతకవచ్చు. వెతకాల్సింది అప్పు తీసుకున్నవారి చట్టబద్ధమైన పేరుతో, అక్షరం తేడా లేకుండా. ఆ సాయంత్రం అతని సొంత పేరుతో వెతికితే ఏమీ రాలేదు. కంపెనీ పేరుతో వెతికితే ఒక ఫైనాన్స్ సంస్థ ఫైలింగ్ వచ్చింది, మిషన్ సీరియల్ నంబరుతో సహా. నేను ప్లేటు ఫోటో తీసి పెట్టుకున్నాను. అంకె అంకె సరిపోయింది.

డీలర్ తన షాపు సరుకు మామూలు వ్యాపారంగా అమ్మితే, డీలర్ పెట్టిన తాకట్టు నుంచి కొన్నవారికి చట్టం రక్షణ ఇస్తుంది. వాడుకున్న కాంట్రాక్టర్ దగ్గర నేరుగా కొంటే ఆ రక్షణ ఉండదు. అప్పు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు తమ్ముడి పొలంలోకి వచ్చి మిషన్ పట్టుకుపోగలరు. ఇచ్చిన డబ్బు కోసం ఇతను కాంట్రాక్టర్ వెంట తిరగాలి.

మర్నాడు అతనికి మర్యాదగానే చెప్పాం. ఫైనాన్స్ సంస్థ నుంచి బకాయి ఎంతో లేఖ తెప్పించండి, ఆ మొత్తం నేరుగా వాళ్లకే కడతాం, ఫైలింగ్ రద్దయ్యాక మిగిలింది మీకు ఇస్తాం అని. చూసి చెబుతానన్నాడు. మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

మన దగ్గర ఈ వెతుకులాట ఇంకా తేలిక. కారు, ట్రాక్టర్, జేసీబీ ఏదైనా ఆర్‌సీలో హైపోథికేషన్ ఉందో లేదో పరివాహన్‌లో కనబడుతుంది. ఉంటే బ్యాంకు ఎన్‌ఓసి, ఫారం 35 వచ్చి ఆ పేరు తొలగేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్ అక్కరలేని మిషన్ అయితే సెర్సాయ్‌లో వెతికించాలి, అసలు ఇన్‌వాయిస్ అడగాలి. మన స్టాఫ్ ఇళ్లలోనే తెలిసినవాళ్లని నమ్మి సెకండ్ హ్యాండ్ కారుకు డబ్బిచ్చి, తర్వాత రికవరీ వాళ్లు వచ్చి తలుపు తడితే బిత్తరపోయినవాళ్లు ఉన్నారు. పేర్లు రాయను, వాళ్లే చదువుతారు.

మూడోది

మూడో మిషన్ ఒక అద్దె సంస్థ నుంచి బయటికి వచ్చింది. 2,400 గంటలు, 95 హెచ్‌పి, హై ఫ్లో, పెయింటు గీసుకుపోయి ఉంది. అయినా ప్రతి 250 గంటల సర్వీసు కాగితం ఫైలులో ఉంది. ఎక్కువగా బకెట్‌తో తిరిగిందని సర్వీసు రికార్డు చెబుతోంది, అడుగు పలక కింద మట్టే తప్ప పొట్టు లేదు. ట్రాకులు అరిగాయి, అది ధరలో తగ్గించారు. ఇంజన్, హైడ్రాలిక్ ఆయిల్ నమూనాలు ల్యాబ్‌కు పంపాం. ఇనుము, రాగి రేణువులు ఎక్కువగా ఉంటే లోపల అరుగుదల, సిలికాన్ ఉంటే దుమ్ము లోపలికి పోయినట్టు. రెండూ బాగానే వచ్చాయి.

అయినా వెంటనే కొనలేదు. పెద్దాయన సలహా మీద అదే తరగతి మిషన్‌ను, తలను ఒక వారం అద్దెకు తెచ్చారు. రోజుకు ఎకరం దాటలేదు. రెండు పళ్లు రాళ్లకు పోయాయి. ఓక్ చెట్టు బెరడు ఒకచోట చీరుకుపోయింది. అక్కడ ఓక్ విల్ట్ అనే శిలీంధ్రపు తెగులు ఉంది, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ చెట్లకు గాయం చేయొద్దంటారు, చేస్తే వెంటనే పెయింటు పూయమంటారు. మేం అక్టోబర్‌లో ఉన్నా తమ్ముడు పరుగెత్తి పూశాడు. ఆ వారం తర్వాతే ఇద్దరూ కలిసి ఒప్పందం కాగితం మీద రాసుకున్నారు. ఎవరు ఎన్ని గంటలు వాడితే అంత డీజిల్, పళ్లు. పెద్ద మరమ్మతు చెరి సగం. ఒకరు తప్పుకుంటే ధర ఎలా కట్టాలి. ఆ చివరి క్లాజు నాదే. ఇద్దరూ నవ్వారు, సంతకాలు మాత్రం పెట్టారు.

మొన్న తమ్ముడు ఫోటో పంపాడు. జూనిపర్లు కొట్టిన చోట పొట్టు కింద గడ్డి మొలుస్తోంది. ఆకుపచ్చ కొమ్మ మిగలకుండా మొదలు కొడితే ఆ రకం జూనిపర్ తిరిగి చిగురించదు. మెస్కీట్ కొట్టిన చోట మాత్రం ఒక్కో మొదట్లోంచి నాలుగైదు పిలకలు. భూమిలో ఉన్న మొగ్గల ముడిని చంపకపోతే అది పైన ఎంత నమిలినా లేస్తుంది. తవ్వి తీయాలి, లేదా మొదలుకు మందు పూయాలి. ఈ చెట్టు మా ఇంటికి కొత్త కాదు. మా కడప జిల్లాలో 1877లో తెచ్చి నాటిన సర్కారు తుమ్మ, మా వైపు కంప చెట్లంటాం, దీనికి దగ్గరి చుట్టమే. నాన్న మూడుసార్లు నరికించిన గట్టు మీద ఇప్పటికీ ఉంది. ఆ గట్టు ఫోటో తీయించి తమ్ముడికి పంపాను. "అక్కా, గడ్డపార తెచ్చుకుంటున్నా" అని జవాబు వచ్చింది.